8×57, 9.3×62, .375: ఏ తూటా ఎవరికి? కొనుక్కోవాలా, చేత్తో నింపుకోవాలా?

మా మేనల్లుడు జర్మనీ నుంచి ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాడు. ముందు వాళ్లమ్మ ఆరోగ్యం, తర్వాత పెదవాల్తేరులో వాన పడిందా లేదా, ఆ తర్వాత అసలు సంగతి. మొన్నటి అసలు సంగతి ఇది: "మావయ్యా, వేట పరీక్ష పాసైపోయాను. రైఫిల్ కొనాలి. దుకాణంవాడు 9.3×62 తీసుకోమంటున్నాడు. మా ఆఫీసులో ఒక పెద్దాయన 8×57 చాలంటున్నాడు. యూట్యూబ్ చూస్తే .375 లేనివాడు అసలు వేటగాడే కాదన్నట్టుంది. నువ్వేటంటావు?"

నన్నే అడగడానికి కారణం ఉంది. నమీబియాలో వాల్విస్ బే రేవులో చేపల ఓడల ఇంజన్లు చూసుకుంటూ ఆరేళ్లు ఉద్యోగం చేశాను. సెలవు దొరికితే ఒమరూరు వైపు ఒక జర్మన్ మూలాల రైతు ఫామ్‌కి వెళ్లిపోయేవాణ్ణి. ఫామ్ అంటే చోడవరంలో మా నాన్నగారి మూడెకరాల లాంటిది కాదు, వేల హెక్టార్లు. ఆయన పక్కనుండగా, ఆయన రైఫిల్‌తో, పర్మిట్ మీద వేటాడాను. ఆయన షెడ్డులో బల్ల ముందు కూర్చుని తూటాలు నింపడం నేర్చుకున్నాను. వాడికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

విశాఖలో కూర్చుని చదువుతున్నవాళ్లకు ముందే ఒక మాట. మన దేశంలో వేట నేరం, ఇంట్లో తూటా నింపడమూ నేరమే. దాని సంగతి కింద విడిగా రాశాను. ఈ పోలిక జర్మనీలోనో స్వీడన్‌లోనో నమీబియాలోనో ఉంటూ, అక్కడి చట్టం ప్రకారం వేటకు వెళ్లే మనవాళ్ల కోసం.

మాట కలవడానికి పేర్లు చెప్పేస్తాను. తూటా అంటే మొత్తం సరుకు. ఇత్తడి గొట్టం కేసు. ముందు నుంచి ఎగిరిపోయేది గుండు. లోపల పోసేది మందు. అడుగున సూది తగలగానే అంటుకునేది ప్రైమర్. తూటా పేరులో మొదటి అంకె సుమారుగా గుండు మందం, రెండోది కేసు పొడవు, రెండూ మిల్లీమీటర్లలో; .375 మాత్రం అంగుళాల్లో గుండు మందం. అన్నిటినీ బుల్లెట్ అనేస్తే నింపేటప్పుడు తల తిరుగుతుంది.

9.3×62 ఎందుకు పుట్టింది

ఈ తూటాను 1905లో బెర్లిన్ తుపాకుల తయారీదారు ఒట్టో బోక్ తయారుచేశాడు. అప్పట్లో ఆఫ్రికాలోని జర్మన్ వలసల్లో భూములు కొనుక్కున్న రైతులకు ఒకటే రైఫిల్ కావాలి. వంటింట్లోకి మాంసం తేవాలి, అవసరమైతే పెద్ద జంతువునీ ఆపాలి. ఇంగ్లీషువాళ్ల జంట గొట్టాల రైఫిళ్లు మామూలు రైతు కొనగలిగేవి కావు. గడియలాంటి బోల్టు లాగి తూటా ఎక్కించే జర్మన్ రైఫిల్ మౌజర్ 98 మాత్రం చవక, గట్టిది, ఎక్కడ పడితే అక్కడ దొరికేది. దాని మ్యాగజైన్‌లో, అంటే తూటాలు పేర్చే అరలో, అరంగుళం కూడా చెక్కకుండా పట్టేలా ఎంత పెద్ద కేసు చేయొచ్చో అంత చేశాడు బోక్. ఆ 62 మిల్లీమీటర్ల వెనక ఉన్న లెక్క ఇదే.

గుండు 18.5 గ్రాములు. పాత మందపాటి ఐదు రూపాయల బిళ్ల 9 గ్రాములుండేది. అలాంటివి రెండు అరచేతిలో పెట్టుకుంటే ఈ గుండు బరువు తెలుస్తుంది. మొదట్లో దీని వేగం సెకనుకు 650 మీటర్ల దరిదాపుల్లో ఉండేది, తర్వాత మందులు మెరుగై 720 దాకా వచ్చింది. ఈ రోజుల్లో అది పెద్ద వేగమేం కాదు, దీని గొప్పతనం కూడా అందులోనే ఉంది. బరువైన గుండు మోస్తరు వేగంతో వెళ్తే ఎముక తగిలినా దారి తప్పదు, మాంసాన్ని పచ్చడి చెయ్యదు.

ఒకసారి జూన్‌లో పొద్దున్నే వెళ్లాం. అక్కడ అది చలికాలం, బకెట్‌లో నీళ్ల మీద పల్చగా మంచు పేరుకుంది. నూట నలభై అడుగుల అవతల... కాదు, మీటర్లు, నాకింకా అడుగుల్లో లెక్కేసే అలవాటు పోలేదు. నూట నలభై మీటర్ల అవతల ఒక మగ ఓరిక్స్ పక్కకి తిరిగి నిలబడింది. రెండు క్వింటాళ్ల పైచిలుకు జంతువు, ఈటెల్లాంటి కొమ్ములు. నేను భుజం వెనక గురిపెట్టబోతుంటే రైతు నా మోచేయి ముట్టుకుని "ముందుకి, కిందికి" అన్నాడు. ఆఫ్రికా జింకల గుండెకాయ మనం అనుకునే చోటికంటే కిందగా, ముందుకాళ్ల మధ్య ఉంటుంది. భుజం మీదే పెట్టాను. తగిలాక నలభై అడుగులు నడిచి పడిపోయింది. చర్మం ఒలిచాక చూస్తే లోపలికి వెళ్లిన దారి బొటనవేలంత, బయటికి వచ్చిన దారి రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దది. చుట్టూ గడ్డకట్టిన రక్తం ఒక గుప్పెడు. అంతే పోయింది, మిగతా భుజమంతా వంటకి పనికొచ్చింది. ఆ రోజు వాడిన గుండు నార్మా కంపెనీది, దాని పేరు కూడా ఓరిక్సే.

దూరం సంగతికి వద్దాం. 9.3×62ని 155 మీటర్ల దగ్గర సూటిగా తగిలేలా సర్దుకుంటే, 100 దగ్గర నాలుగైదు సెంటీమీటర్లు పైకి, 200 దగ్గర సుమారు పది సెంటీమీటర్లు కిందికి పోతుంది. అంటే 180 దాకా ఏం ఆలోచించకుండా కొట్టొచ్చు, 200 దగ్గర కొంచెం ఆలోచించాలి. 250 దాటితే ఒక జానెడుకి పైగా దిగిపోతుంది. అంత దూరం కొట్టాలనుకునేవాడు ఈ తూటా కొనకూడదు, లేదా దగ్గరికి పాకడం నేర్చుకోవాలి. నేను రెండోది నేర్చుకున్నాను. మోకాళ్లలో దిగిన ముళ్లు ఇప్పటికీ గుర్తే.

మిగతా మూడూ

8×57 ఐఎస్ మౌజర్ కుటుంబంలో పెద్దన్న. దీని మామూలు బరువైన గుండు 12.7 గ్రాములు. జర్మనీ చట్టం ప్రకారం పెద్ద జంతువులకు తూటా కనీసం 6.5 మిల్లీమీటర్లదై ఉండాలి, 100 మీటర్ల దగ్గర 2,000 జౌల్స్ శక్తి మిగలాలి. చిన్న రో జింకకి 1,000 జౌల్స్ చాలు. ఈ లెక్కలో 8×57 హాయిగా పాసవుతుంది. స్వీడన్‌లో మూస్ అనే పెద్ద దుప్పి వేటకీ అంతే: పది గ్రాములకు పైబడ్డ గుండైతే 100 మీటర్ల దగ్గర 2,000 జౌల్స్ అడుగుతారు. కాబట్టి మావాడి ఆఫీసులో పెద్దాయన తప్పు చెప్పలేదు. పాత రైఫిల్ కొనేవాళ్లు మాత్రం ఒకటి చూసుకోవాలి. 'ఎస్' అన్న అక్షరం లేని పాత 8×57ల గొట్టం సన్ననిది, దానికి సుమారు 8.08 మిల్లీమీటర్ల గుండు. ఐఎస్ గుండు 8.2. సన్న గొట్టంలో లావు గుండు కాలిస్తే పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. గొట్టం మీది ముద్ర చదవకుండా, గన్‌స్మిత్‌కి చూపించకుండా పాత 8 మిల్లీమీటర్ల రైఫిల్ కాల్చొద్దు.

.375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నం 1912 నాటి ఇంగ్లీషు తూటా. 19.4 గ్రాముల గుండు సెకనుకు 770 మీటర్లు. ఇది పొడుగైన కేసు, మామూలు మౌజర్ యాక్షన్‌లో, అంటే తూటా ఎక్కించి మూసే భాగంలో, పట్టదు, ఇంకా పెద్దది కావాలి. అంటే బరువు, ఖర్చు రెండూ పెరుగుతాయి. ఇది అవసరమైన చోట ఈ నాలుగింటిలో దీనికి ప్రత్యామ్నాయం లేదు. నమీబియాలో అడవిదున్న, ఏనుగు లాంటి ప్రమాదకరమైన వాటికి గొట్టం చివర 5,400 జౌల్స్ ఉండాలని నియమం. కుడు, ఓరిక్స్, ఇలాండ్ లాంటి పెద్ద జింకలకి 2,700, స్ప్రింగ్‌బక్ లాంటి చిన్న జింకలకి 1,350. మామూలు 9.3×62 లెక్కేస్తే 4,800 దగ్గర ఆగిపోతుంది. .375 అయితే 5,700 దాటుతుంది. దున్న వేటకి డబ్బు కట్టి వెళ్తున్నావంటే ఇక చర్చ లేదు. దున్న జోలికే వెళ్లనివాడు .375 ఎందుకు మొయ్యాలో మాత్రం నాకర్థం కాదు.

9.3×74 ఆర్‌ది వేరే దారి. గుండు అదే, బలం దాదాపు అదే, కానీ కేసు పొడుగ్గా ఉండి అడుగున అంచు ఉంటుంది. మధ్యలో విరిచి తూటా పెట్టే తుపాకుల కోసం చేసిందిది. ఒంటి గొట్టం, జంట గొట్టాలు, ఒకే తుపాకీలో రైఫిల్ గొట్టమూ చిన్న గుళ్లు కాల్చే గొట్టమూ కలిపినవి, అన్నిటికీ. అలాంటి తుపాకుల మెడ విరుపు దగ్గర పీడనం మరీ ఎక్కువ కాకూడదు. అందుకే ఐరోపా ప్రమాణాల్లో దీని గరిష్ఠ పీడనం 3,400 బార్, 9.3×62కి 3,900, .375కి 4,300. మడిచి సంచిలో పెట్టుకునే తేలికపాటి ఒంటి గొట్టం తుపాకీ మీద మనసు పడితే ఇది తీసుకో. బోల్ట్ రైఫిల్ కావాలనుకుంటే దీని గురించి మర్చిపో. కేసులూ తూటాలూ ఖరీదు, దొరికే చోట్లూ తక్కువ.

9.3×64 బ్రెన్నెకే అని ఇంకోటుంది. బలం ఎక్కువే, తూటాలు దొరకడం కష్టం. కొత్తగా మొదలుపెట్టేవాడికి వద్దు.

భుజం ఏమంటుంది

కంపెనీల కరపత్రాల్లో దెబ్బ సంగతి కనిపించదు. నేనే లెక్కకట్టాను. ఒకే నాలుగు కిలోల రైఫిల్ అనుకుని, గుండు వేగమూ బరువూ, దానితోపాటు బయటికి తోసుకొచ్చే మందు వాయువులూ కలిపితే, రైఫిల్ వెనక్కి తన్నే శక్తి 8×57కి దాదాపు 22 జౌల్స్, 9.3×62కి 40 దగ్గర, .375కి 53 దగ్గర వచ్చింది. మందును బట్టి అటూ ఇటూ అవుతుంది కానీ వరస మాత్రం మారదు.

22కీ 40కీ మధ్య తేడా కాగితం మీద చూస్తే పద్దెనిమిదే. రేంజ్‌లో బల్ల ముందు కూర్చుని పదిహేనో గుండు కాల్చేటప్పుడు తెలుస్తుంది. నేను మొదటి నెలలో ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసేవాణ్ణి. రైతు నాకు తెలియకుండా ఖాళీ కేసు పెట్టి రైఫిల్ ఇచ్చాడు. నొక్కితే 'టక్' అంది, గొట్టం కొస మాత్రం జానెడు కిందికి దిగిపోయింది. తన్నని రైఫిల్‌కే అంతలా బెదిరానన్నమాట. ఆయన నవ్వలేదు. నెలరోజులు చిన్న .22 ఇచ్చి కూర్చోబెట్టాడు.

ఇక్కడే నా అభిప్రాయం చెప్పేస్తాను. తూటాని బలం చూసి కాదు, ఏడాదికి వందసార్లు కాల్చడానికి నీ భుజం ఒప్పుకుంటుందా అని చూసి ఎంచుకోవాలి. వంద కాల్చి సాధన చేసిన 8×57 వాడు, పెట్టెలో పది తూటాలు దాచుకుని భయపడుతూ కాల్చే .375 వాడికంటే శుభ్రంగా కొడతాడు. గాయపడి పారిపోయిన జంతువు వెనక చీకట్లో రక్తపు చుక్కలు వెతుక్కుంటూ తిరిగినవాడికి ఈ మాట ఊరికే అనలేదని తెలుస్తుంది.

జర్మనీలో మంచె మీద నుంచి ఎనభై, నూట ఇరవై మీటర్లలో జింకలూ పందులూ కొట్టేవాడికి 8×57 సరి. మంచె అంటే మన మొక్కజొన్న చేలల్లో కాపలా మంచె లాంటిదే, కాకపోతే దానికి తలుపూ కిటికీ కూడా పెడతారు. పందుల్ని తరిమే వేటలు ఎక్కువుండి, ముప్ఫై మీటర్లలో పరిగెత్తే పందిని ఆపాల్సి వస్తే, తర్వాత ఆఫ్రికా ఆలోచన కూడా ఉంటే, 9.3×62. ఒకే రైఫిల్ ఉంచుకుని రెండు ఖండాలూ తిరిగేవాడికి దీన్ని మించింది నాకు కనబడలేదు. ఇలా అంటే నేను పక్షపాతిననుకుంటారు, అనుకోండి.

గుండు ఎంపిక

తూటా పేరుకంటే గుండు రకం ముఖ్యం, అయినా దుకాణాల్లో దీని మీద రెండు నిమిషాలు కూడా గడపరు. మూడు రకాలు చాలు. మామూలు సీసం గుండు, పైన రాగి తొడుగు: చవక, సాధనకి మంచిది, మధ్యస్థ జంతువులకి సరిపోతుంది. సీసాన్ని తొడుగుకి అతికించిన గుండు: బరువు నిలుపుకుంటూ లోపలికి పోతుంది, 9.3కి నా మొదటి ఎంపిక ఇదే. ఇక అచ్చంగా రాగి గుండు. రాగి సీసంకంటే తేలిక కాబట్టి అంతే బరువు కావాలంటే గుండు పొడుగవుతుంది, కేసులో మందుకి చోటు తగ్గుతుంది. అందుకే రాగిలో 18.5 బదులు 16.2 గ్రాములది తీసుకోవడం మేలు. అది వేగంగా పోతుంది, విచ్చుకోవడానికి రాగికి ఆ వేగం అవసరం కూడా.

డెన్మార్క్‌లో 2024 ఏప్రిల్ నుంచి వేట రైఫిళ్లలో సీసం గుండు నిషిద్ధం. జర్మనీలో కొన్ని రాష్ట్రాల్లోనూ సీసం లేనిదే వాడాలి. మావాడికి చెప్పాను: కొనే ముందే నీ రాష్ట్రం నియమం చూసుకో, రాగి గుండుతోనే రైఫిల్ సర్దుకో. సీసంతో సర్దిన గురి రాగికి తప్పుతుంది.

కొనుక్కోవాలా, నింపుకోవాలా

ఇక్కడికి వచ్చేసరికి మగవాళ్ల కళ్లు మెరుస్తాయి. బల్ల, తూటా నొక్కే ప్రెస్సు, త్రాసు, చిన్న చిన్న డబ్బాలు. మా రైతు షెడ్డుకి వెళ్లినప్పుడల్లా నాకు కురుపాం మార్కెట్ దగ్గర కంసాలి కొట్టు గుర్తొచ్చేది. అదే శ్రద్ధ, అదే నిశ్శబ్దం, ఇత్తడి మీద అదే వెలుగు.

ముందు చెడ్డ కారణం. చాలామంది వేగం కోసం నింపుతారు. సెకనుకు 720 ఉన్నదాన్ని 750 చేస్తే ఏమొస్తుందో లెక్కేశాను: గురి మళ్లీ సర్దుకున్నాక 200 మీటర్ల దగ్గర ఒకటో రెండో సెంటీమీటర్ల లాభం. ఆ జంతువు ఊపిరి పీల్చినప్పుడు కదిలేదే అంతకంటే ఎక్కువ. దానికోసం పీడనం గరిష్ఠానికి ఎక్కించి, కేసుల్ని పాడుచేసుకుని, భుజాన్ని హింసించుకోవడం ఎందుకు?

మంచి కారణాలు వేరే. కంపెనీ తూటాల్లో నీకు కావలసిన గుండు దొరక్కపోవచ్చు. 9.3×57, 9.5×57 మాన్లికర్ లాంటి పాత తూటాలకి అసలు తూటాలే అరుదు, నింపుకుంటేనే ఆ రైఫిల్ బతుకుతుంది. ఇక సాధన కోసం మెత్తటి తూటాలు. 15 గ్రాముల గుండు, పుస్తకంలో చెప్పిన కనీస మందు పోస్తే 9.3×62 చాలా మర్యాదగా తంతుంది. నా భయం పోగొట్టింది అలాంటి తూటాలే. కానీ సగం మందు పోస్తే సగం దెబ్బ అనుకోకూడదు. పెద్ద కేసులో నెమ్మదిగా కాలే మందు మరీ తక్కువ పోస్తే, అది సరిగ్గా అంటుకోక ఒక్కసారిగా పీడనం ఎగిసే ప్రమాదముంది. మందు కంపెనీ పుస్తకంలో కనీసం అన్న అంకె ఊరికే రాయలేదు.

ఎన్ని గ్రెయిన్ల (మందు తూచే చిన్న కొలత) మందు పొయ్యాలో నేను ఇక్కడ రాయను. విహ్తవూరి, నార్మా, రీలోడర్, దక్షిణాఫ్రికా సోమ్‌కెమ్, ఎవరి మందుకి వాళ్ల పుస్తకం ఉంటుంది. ఆ పుస్తకం తెరిచి, నీ గుండుకి రాసిన తక్కువ అంకెతో మొదలుపెట్టాలి. స్నేహితుడు వాట్సాప్‌లో పంపిన అంకెతో మొదలుపెట్టకూడదు.

9.3×62 నింపడంలో దీనికే చెందిన ఒక మెలిక ఉంది, అది తెలియాలి. కేసు భుజం, అంటే కేసు మెడలోకి సన్నబడే చోటు, చాలా చిన్నది, 17.5 డిగ్రీల వాలు, పైకి చివర్లో ఉంటుంది. గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో కేసు ఎంత లోపలికి పోయి ఆగాలో ఆ చిన్న భుజమే చెప్తుంది. కాల్చిన కేసుని తిరిగి కొలతకి తెచ్చే అచ్చుని డై అంటారు. అది మరీ కిందికి బిగిస్తే కేసుని పిండేటప్పుడు భుజం వెనక్కి పోతుంది. కాల్చినప్పుడు ముందుభాగం గది గోడని పట్టుకుంటుంది, అడుగు వెనక్కి జరుగుతుంది, మధ్యలో ఇత్తడి సాగుతుంది. నాలుగైదుసార్లు ఇలా జరిగితే అడుగు దగ్గర ఊడిపోతుంది.

రైతు నాకు ఇది ఒక పేపర్ క్లిప్పుతో చూపించాడు. క్లిప్పు నిటారుగా చేసి, కొసను కొక్కెంలా వంచి, రాతి మీద రుద్ది మొన తేల్చాడు. కాల్చిన కేసు లోపలికి పోనిచ్చి, అడుగు నుంచి గోడ వెంబడే మెల్లగా పైకి లాగాడు. "నువ్వు లాగు" అన్నాడు. లాగాను. అడుగుకి సెంటీమీటరు పైన కొక్కెం చటుక్కున ఒక గాడిలో పడింది. బయట తిప్పి చూస్తే అక్కడే సన్నటి మెరుపు గీత, పెళ్లికూతురి మెట్టెంత. ఆ కేసుని శ్రావణంతో నొక్కి డబ్బాలో పారేశాడు, పొరపాటున మళ్లీ నింపకుండా. అప్పట్నుంచి డైని నా రైఫిల్ గదికి సరిపడా మాత్రమే, బోల్టు చిన్న పట్టుతో మూసుకునేంతవరకే బిగిస్తాను.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక ఫామ్‌లో మ్యాగజైన్‌లో నాలుగు తూటాలు పెట్టి మూడు కాల్చాను. నాలుగోది తీసి చూస్తే గుండు లోపలికి దిగిపోయి ఉంది, మిగతావాటికంటే రెండు మిల్లీమీటర్లు పొట్టి. మూడుసార్లు తన్నిన తన్నుకి మ్యాగజైన్ ముందు గోడ దాన్ని వెనక్కి తోసింది. కేసులు పదిసార్లకి పైగా వాడినవి, మెడలు గట్టిపడి పట్టు పోయింది, నేను చూసుకోలేదు. లోపలికి దిగిన గుండు కాలిస్తే పీడనం పెరుగుతుంది. కాల్చకుండా తీసి చూడబట్టి సరిపోయింది. మెడల్ని కాచి మెత్తబరచాలి, గుండుకి అంచు నొక్కు ఉంటే అక్కడ నొక్కాలి, మ్యాగజైన్ అడుగు తూటాని అప్పుడప్పుడు కొలవాలి.

మందు రెండుసార్లు పడుతుందేమోనని భయపడేవాళ్లకి: 9.3×62లో మామూలు మోతాదే కేసుని దాదాపు నింపేస్తుంది, రెండోసారి పోస్తే పొంగి బల్ల మీద పడుతుంది. అసలు ప్రమాదం తప్పు డబ్బా తెరవడం. బల్ల మీద ఎప్పుడూ ఒకే మందు డబ్బా ఉండాలి. చలిలో పుస్తకం చివరి అంకె దాకా నింపినవి ఎండలో కాలిస్తే పీడనం ఎక్కువ చూపిస్తాయి. ఫామ్‌లో పొద్దున సున్నా డిగ్రీలు, మధ్యాహ్నం పాతిక. అందుకే మధ్యలో ఆగడం అలవాటు చేసుకున్నాను.

జర్మనీలో నింపాలంటే వేట లైసెన్సు ఒక్కటే చాలదు. పేలుడు పదార్థాల చట్టం 27వ సెక్షన్ కింద వేరే అనుమతి, దానికి కోర్సూ పరీక్షా ఉన్నాయి. ఏడాదికి నలభై యాభై కాల్చేవాడికి ఆ శ్రమా ఆ సరంజామా దండగ. రెండు మూడు పెట్టెలు కొనుక్కుని ఒకే బ్యాచ్ నంబరు చూసుకుంటే చాలు. ఏడాదికి రెండొందలు దాటితేనో, పాత అరుదైన రైఫిల్ ఉంటేనో నింపు.

విశాఖలో ఉంటే

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1991 సవరణతో ఇక మిగిలిన సందులూ మూసుకుపోయాయి. కంబాలకొండ అంచున ఇంటి గోడ దాకా పంది వచ్చినా, చోడవరం చెరకు తోటని మంద తొక్కేసినా, అటవీ శాఖకి ఫిర్యాదు చెయ్యాలి, నష్టపరిహారం అడగాలి. తోట చుట్టూ కరెంటు తీగ మాత్రం వద్దే వద్దు. పందికంటే ముందు పాలేరు పోతాడు. తూటా నింపడం ఆయుధ చట్టం 5వ సెక్షన్ దృష్టిలో తయారీ, దానికి లైసెన్సు కావాలి. రైఫిల్ లైసెన్సు ఉంది కదా అని ఇంట్లో నింపితే కుదరదు.

కొందరి ఇళ్లలో తాతల నాటి మౌజర్లు ఇంకా ఉన్నాయి. మా దూరపు చుట్టాల ఇంట్లో ఒకటి చూశాను. ఉంచుకోవాలా, అప్పగించాలా అని అడిగారు. 2016 ఆయుధ నియమాల్లో వారసులకి దారి ఉంది. లైసెన్సు ఉన్నాయన పోయాకే కాదు, ఆయనకి 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా ఉన్నా వారసుడి పేరుకి అడగొచ్చు. నగరంలో దరఖాస్తు పోలీసు కమిషనర్ దగ్గర. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే. కాల్చే ఉద్దేశం లేకపోతే లైసెన్సున్న డీలరు దగ్గర డిపాజిట్ చేసి, కొనేవాడు దొరికితే అమ్మేయడం మేలు. 9.3 లాంటి తూటాలు ఇక్కడ దొరకడం కష్టం, రేంజ్‌లో కూడా ఆ రైఫిల్ పనికిరాదు. కాల్చడం సరదా అయితే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ కొనుక్కోండి. 20 జౌల్స్ లోపలుంటే లైసెన్సే అక్కర్లేదు.

ఉంచుకుంటే మాత్రం తోలు సంచిలోంచి తీసేయండి. తోలు తేమని పట్టుకుంటుంది, మన సముద్రపు గాలికి కిటికీ ఊచలే నాలుగేళ్లు ఆగవు. ఆ చుట్టాల ఇంట్లో రైఫిల్ పైకి బాగానే ఉంది. గొట్టంలోంచి చూస్తే చింతపండు పిసికిన రాగి చెంబు అడుగులా గుంతలు గుంతలు. పాత ప్రైమర్ల ఉప్పు లోపల మిగిలి, ఏళ్ల తరబడి తేమ తాగింది. పెట్టెలో పదకొండు తూటాలు, సగానికి చిలుము. వాటిని కాల్చొద్దని, లెక్క చెప్పి అప్పగించేయమని చెప్పాను.

మా మేనల్లుడు చివరికి దుకాణంవాడి రేంజ్‌లో అద్దెకి 9.3 తీసుకుని కూర్చుని మూడు కాల్చాడు. నాలుగోది పెట్టెలోనే ఉంచి ఫోన్ చేశాడు. "మావయ్యా, బాగానే ఉంది గానీ..." అన్నాడు. ఆ 'గానీ' వినగానే 8×57 కొనుక్కోమన్నాను. రాగి గుండు తూటాలు నాలుగు పెట్టెలు తెచ్చుకున్నాడు, అన్నీ ఒకే బ్యాచ్. ప్రెస్సు బొమ్మ మాత్రం నాకింకా పంపుతూనే ఉన్నాడు, ఎర్ర రంగుది బాగుందా, పచ్చదా అని.